లెక్కలు నేర్చిన దోమల డాక్టరు: సర్ రోనాల్డ్ రాస్

లెక్కలంటే వొళ్ళు మండేవాడు ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. తీసుకుంటాడని మనవైపు ఒక నమ్మకం. కప్పను కోయడం వస్తే చాలు, ఇక కాలిక్యులస్ మొహం చూడనక్కరలేదని ధీమా. తీరా యమ్.యస్సీ.లోకో, రీసెర్చిలోకో వచ్చేసరికి స్టాటిస్టిక్స్ ఒకవైపు, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఇంకోవైపు దారికాచి కూర్చుంటాయి. జన్యువుల వరుసలు చదవాలన్నా, ఒక జ్వరం ఊళ్ళో ఎట్లా పాకుతుందో అంచనా వేయాలన్నా యంత్రానికి పని చెప్పడం రావాలి. మేం జీవశాస్త్రం వాళ్ళం, మాకిదంతా ఎందుకని బిక్కమొహం వేసే మిత్రులు ప్రతి ఏడూ కొందరు కనిపిస్తారు. వాళ్ళకు చెప్పదగిన జీవితం ఒకటుంది. దానికోసం సీమదేశాలు పోనక్కరలేదు, మన లష్కర్‌లోనే, బేగంపేట దగ్గరే దొరుకుతుంది.

సర్ రోనాల్డ్ రాస్ పేరు జంటనగరాల్లో తెలియనివారు అరుదు. నల్లకుంటలో జనం కోరంటి దవాఖానా అని పిలుచుకునే జ్వరాల ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు. మలేరియా దోమవల్ల వస్తుందని సికింద్రాబాదులో కనిపెట్టాడు, నోబెల్ బహుమతి వచ్చింది అన్నంతవరకు స్కూలు పిల్లవాడూ చెబుతాడు. కాని ఆ మనిషి తన జీవితంలో సగం గణితానికి ఇచ్చాడనీ, దోమను కోసి చూసిన కన్ను ఎంత గొప్పదో దోమను లెక్కపెట్టిన బుర్ర అంతకంటే గొప్పదనీ చెప్పేవాళ్ళు తక్కువ. నోబెల్ సంగతి ఎట్లా ఉన్నా, అంటురోగాలు ఏ నియమాలకు లోబడి పెరుగుతాయో తరుగుతాయో చెప్పడమే తన ముఖ్యమైన పని అని రాస్ స్వయంగా అనుకునేవాడు.

రాస్ 1857 మే 13న హిమాలయాల ఒడిలో, అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడిన మూడో రోజు అది. తండ్రి ఇంగ్లీషు సైన్యంలో అధికారి, తర్వాత జనరల్ అయ్యాడు. పదిమంది పిల్లల్లో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువుకని ఇంగ్లండుకు పంపేశారు. బంధువుల ఇంట పెరిగిన ఆ కుర్రవాడికి బొమ్మలు వేయడం, పద్యాలు కట్టడం, సంగీతం ఇష్టం. పద్నాలుగో ఏట లెక్కల్లో బహుమతిగా ఖగోళశాస్త్రం మీద ఒక పుస్తకం దొరికింది. గణితం మీద మోజుకు అదే మొదటి విత్తనం. చిత్రకారుడు కావాలా, కవి కావాలా అని తను తర్జనభర్జన పడుతుంటే, తండ్రిగారు డాక్టరు కావాలని తేల్చేశారు. మన ఇళ్ళల్లో జరిగేదే. పెద్దవాళ్ళ మాట కాదనలేక లండన్‌లో సెయింట్ బార్తొలొమ్యూ ఆస్పత్రిలో చేరాడు. చదువుకంటే పద్యాల మీదే ధ్యాస. అత్తెసరు మార్కులతో గట్టెక్కి, కొంతకాలం ఓడ మీద డాక్టరుగా తిరిగి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు.

ఆ రోజుల్లో పటాలం డాక్టరుకు పొద్దున రెండు గంటల పని, మిగతా రోజంతా తీరిక. తోటివాళ్ళు పోలో ఆడేవారు, వేటకు పోయేవారు. రాస్ కూడా ఆడాడు, కాని మిగిలిన వేళల్లో గణిత గ్రంథాలు ముందేసుకుని కూర్చునేవాడు. గురువు లేడు, పరీక్ష లేదు, పైవాళ్ళ మెప్పూ లేదు. మొదటి పాఠం నుంచీ తనంతట తనే చదువుకున్నాడు. ప్రొఫెషనల్ గణితజ్ఞుల భాష అతనికి పూర్తిగా ఎన్నడూ పట్టుబడలేదు. తన సంకేతాలు తనవి, తన పద్ధతి తనది. తర్వాత అచ్చువేసిన గణిత వ్యాసాలను ఎక్కువమంది పట్టించుకోకపోవడానికి అదొక కారణం. కాని భయం మాత్రం పోయింది. సమీకరణం కనబడితే పక్కకు తప్పుకోని డాక్టరు ఒకడు తయారయ్యాడు.

1883లో బెంగుళూరులో ఉండగా తన బంగళాలో దోమల బెడద ఎక్కువగా ఉంటే, కిటికీ పక్కన నీళ్ళ తొట్టిలో పిల్లదోమలు కదలడం చూసి దాన్ని బోర్లించాడు. దోమలు తగ్గిపోయాయి. మలేరియాకూ దోమకూ సంబంధం ఉందని అప్పటికి అతనికి తెలియదు. నీళ్ళు తీసేస్తే దోమలు తగ్గుతాయన్న చిన్న సంగతి మాత్రం బుర్రలో ఉండిపోయింది.

1894లో సెలవుమీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు పరిచయమయ్యాడు. మలేరియా రోగి రక్తంలో ఉండే క్రిమిని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే చూశాడు. రాస్ అంతవరకు దాన్ని నమ్మలేదు. మాన్సన్ మైక్రోస్కోపులో చూపించాక నమ్మాడు. క్రిమి దోమలోకి పోతుందేమోనని మాన్సన్ ఊహ. ఆ ఊహను నిజమో కాదో తేల్చే పని నెత్తిన వేసుకుని 1895లో రాస్ సికింద్రాబాదుకు, 19వ మద్రాసు పదాతిదళానికి డాక్టరుగా వచ్చాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. రాస్‌కు జువాలజీలో శిక్షణ లేదు. దోమల జాతుల పేర్లు తెలియవు, తెలుసుకుందామంటే పుస్తకం లేదు. బూడిదరంగు దోమ, చారల దోమ, మచ్చల రెక్కల దోమ అని తనే పేర్లు పెట్టుకున్నాడు. దోమ కడుపు కోయడం ఎట్లాగో చెప్పేవాళ్ళూ లేరు. ఒక్కొక్క దోమను కోసి, ప్రతి కణాన్నీ వెతుక్కుంటూ, ఏది మామూలు, ఏది కొత్త అన్నది అలవాటుతో నేర్చుకున్నాడు. రెండేళ్ళపాటు కోసినవన్నీ వేరే జాతి దోమలు కావడంతో ఏమీ కనబడలేదు. మధ్యలో కలరా వచ్చిందని బెంగుళూరుకు పంపారు. ఊటీ దగ్గర సిగూరు కనుమలో తనకే మలేరియా తగిలింది.

ఇంకో సంగతి, దాచిపెట్టవలసింది కాదు. దోమలు చచ్చిన నీళ్ళు తాగితే మలేరియా వస్తుందేమోనని 1895లో డబ్బిచ్చి కొందరు నౌకర్లచేత తాగించాడు. లక్ష్మణ్ అనే యువకుడికి జ్వరం కూడా వచ్చింది. అది మలేరియాగా నిలవలేదు. నేడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. అణాల కోసం తాగినవాడి మనసులో ఏముందో ఏ రికార్డూ చెప్పదు.

1897 వేసవి దాటాక తిరిగి సికింద్రాబాదు. బేగంపేట సైనిక ఆస్పత్రి చిన్న గది. దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా లాగనిచ్చేవాడు కాదు. ఉక్క. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కళ్ళద్దం పగిలింది. కళ్ళచుట్టూ చిన్న ఈగలు ముసిరేవి. ఆగస్టు నడుమ అతని మనుషులు కొత్తరకం పిల్లదోమల్ని పట్టుకొచ్చారు. వాటిని సీసాలో పెంచి, ఆగస్టు 16న హుసేన్‌ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున కూలి. కొన్ని చచ్చాయి, కొన్నింటిలో ఏమీ లేదు. ఆగస్టు 20 మధ్యాహ్నం, దాదాపు చివరగా మిగిలిన దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా క్రిమికి మాత్రమే ఉండే నల్లని రేణువులు. నోటుబుక్కులో ఆ దోమ నంబరు 38.

చాలా పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. అసలు తెలివి మర్నాడుంది. 21వ తేదీన 39వ దోమను కోశాడు. అవే కణాలు, కాని నిన్నటికంటే పెద్దవి. అంటే అవి చచ్చిన చెత్త కాదు, దోమ కడుపులో బతికి పెరుగుతున్నాయి. ఒకే ఒక్క చూపు కాకుండా రెండు చూపులు, వాటి మధ్య ఒక రోజు, ఆ రోజులో ఎంత పెరిగిందన్న కొలత. కాలంతోపాటు మారేదాన్ని పట్టుకోవాలన్న ఈ అలవాటే పదేళ్ళ తర్వాత సమీకరణాలై బయటికి వచ్చిందని నాకనిపిస్తుంది.

విజయం చేతికందగానే సర్కారువారు రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులే సరిగా దొరకలేదు. మాన్సన్ మాటసాయంతో 1898లో కలకత్తా చేరి, మనుషులు దొరక్క పిచ్చుకల మలేరియా మీద పనిచేశాడు. క్రిమి దోమ కడుపులోనుంచి లాలాజల గ్రంథికి చేరి, కాటుతో ఇంకో పక్షికి పోతుందని ఆ జూలైలో రుజువు చేశాడు. అక్కడ తోడ్పడినవారిలో కిశోరీమోహన్ బందోపాధ్యాయ అనే బెంగాలీ యువకుడున్నాడు. నోబెల్ 1902లో రాస్ ఒక్కడికే వచ్చింది. బెంగాల్ మేధావులు గొంతెత్తాక కిశోరీమోహన్‌కు 1903లో ఒక బంగారు పతకం ఇచ్చారు. మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోస్తుందని 1898లోనే పూర్తిగా చూపిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీతో రాస్ జీవితాంతం కత్తులు దూశాడు. ఆ తగవులో ఇద్దరిదీ కొంత నిజం ఉంది, ఇద్దరిదీ బోలెడు అహంకారం ఉంది.

1899లో ఉద్యోగం వదిలి లివర్‌పూల్ చేరాడు. ఇక్కణ్ణుంచే మనకు కావలసిన రెండో రాస్ మొదలవుతాడు. దోమల్ని తగ్గిస్తే మలేరియా తగ్గుతుందని అతని వాదం. సర్కారు పెద్దలు నవ్వారు. ఒక చోట దోమల్ని చంపితే పక్కనుంచి వచ్చి చేరవా? లాహోరు దగ్గర మియాన్‌మీర్ కంటోన్మెంటులో 1902 నుంచి కాలువలు పూడ్చి, కిరసనాయిలు పోసి ప్రయత్నించారు. జ్వరాలు అనుకున్నంత తగ్గలేదు. చూశారా, దండగ అన్నారు.

రాస్ రెండు ప్రశ్నలు వేసుకున్నాడు. మొదటిది, పుట్టినచోటి నుంచి దోమ ఎంతదూరం పోతుంది? దారీ తెన్నూ లేకుండా అటొకసారి ఇటొకసారి ఎగిరే జీవి అది. నూరు అంగలు వేసినంత మాత్రాన నూరు అంగల దూరం పోదు, ముందుకు వేసినవి వెనక్కి వేసినవాటితో కొట్టుకుపోతాయి. సగటున పది అంగల దూరమే మిగులుతుంది. కాబట్టి ఎక్కువ దోమలు పుట్టిన గుంట దగ్గరే చస్తాయి, మధ్యలో గుంటలు పూడిస్తే ఆ ప్రదేశం నడుమ దోమలు నిజంగానే తగ్గుతాయి. దీన్ని 1904లో అమెరికాలోని సెయింట్ లూయీలో చదివాడు. పూర్తి గణితం తనకు లొంగక కార్ల్ పియర్సన్ సాయం అడిగాడు. పియర్సన్ 1905లో అదే ప్రశ్నను నేచర్ పత్రికలో లోకం ముందు పెట్టాడు. నేడు భౌతికశాస్త్రం మొదలు షేర్ మార్కెటు దాకా వాడే రాండమ్ వాక్ అన్న మాట అట్లా పుట్టింది. దానికి మూలం ఒక డాక్టరు దోమ సందేహం! తనకు రానిది అడగడానికి అతను మొహమాటపడలేదన్నదీ గమనించాలి.

రెండో ప్రశ్న ఇంకా పెద్దది. మలేరియా పోవాలంటే దోమలన్నీ చావాలా, కొన్ని చస్తే చాలా? 1907లో మారిషస్ ద్వీపం వారు పిలిస్తే వెళ్ళి, 1908లో ఇచ్చిన రిపోర్టులో దీన్ని లెక్క కట్టాడు. 1910లో మలేరియా నివారణ మీద పెద్ద గ్రంథం రాసి, 1911 రెండో కూర్పులో సమీకరణాలు చేర్చాడు. ఆ ధోరణి తెలియడానికి మనమూ పలక బలపం పట్టుకుందాం.

వెయ్యిమంది ఊరు. ఒక్కడి రక్తంలో దోమకు అంటే దశలో క్రిమి ఉంది. దోమల్లో మనిషిని కుట్టగలిగేవి నాలుగింట ఒకటి. కుట్టినది ఆ రోగినే కుట్టడం వెయ్యింట ఒకటి. దోమలో క్రిమి పక్వం కావడానికి పదిరోజులు కావాలి, అందాకా బతికేవి మూడింట ఒకటి. వాటిలో మళ్ళీ మనిషి దొరికేవి నాలుగింట ఒకటి. అన్నీ గుణిస్తే నలభై ఎనిమిది వేలలో ఒకటి! ఒక్క కొత్త రోగి తయారు కావడానికి ఆ ఊళ్ళో 48,000 దోమలు పుట్టాలి. తలకు 48. ఇక రోగుల్లో ఏ సమయానికైనా నాలుగోవంతు మందే దోమకు అంటిస్తారని, నెలనెలా ఐదోవంతు కోలుకుంటారని అనుకుందాం. కొత్తగా పడేవాళ్ళూ కోలుకునేవాళ్ళూ సరిసమానం కావాలంటే నెలకు తలకు 38 చిల్లర దోమలు చాలు. రాస్ గీత గీసింది సుమారు నలభై దగ్గర. ఆ గీత కిందికి దోమల్ని తెస్తే, ఒక్కటీ మిగలకుండా చంపకపోయినా మలేరియా దానంతటదే ఆరిపోతుంది.

ఇప్పుడు దీన్ని నెలనెలా నడిపి చూడండి. ఈ నెల రోగులు 100 మంది. కోలుకున్నవారిని తీసెయ్, కొత్తవారిని కలుపు, వచ్చిన అంకెను మళ్ళీ మొదట పెట్టు. తలకు 30 దోమలైతే వచ్చే నెల 94, ఆపై నెల 89, క్రమంగా సున్న. తలకు 60 అయితే 108, 117, అట్లా పెరిగి చివరికి 360 దగ్గర ఆగుతుంది. ఒక అంకెకు పేరు పెట్టడం, దాన్ని సూత్రంలో వేయడం, ఫలితాన్ని అదే పేరుకు తిరిగి ఇవ్వడం, ఆగమనేదాకా తిప్పడం. కంప్యూటర్ ప్రోగ్రాం అంటే తొలిపాఠంలో ఇంతే. ఒకనాడు ఫోర్‌ట్రాన్‌లో కార్డులు గుచ్చినవారైనా, ఈనాడు పైథాన్‌లో రాసేవారైనా చేసేది ఇదే. పైథాన్ పేరు వినగానే జువాలజీ వాళ్ళకు పాము గుర్తుకు రావచ్చు, అది కరవదు. రాస్‌కు యంత్రం లేదు, కాగితం మీదే పట్టికలు కట్టాడు.

పట్టిక కడితే ఏం కనబడుతుందో చూడండి. మన అంకెలతోనే, తలకు 160 దోమలున్న ఊళ్ళో 760 మంది దగ్గర రోగం నిలుస్తుంది. నానాతంటాలు పడి దోమల్ని సగానికి, అంటే 80కి తెస్తే 520. ఇంత ఖర్చుకు ఇదా ఫలితం అని మియాన్‌మీర్ పెద్దల్లాగే ఎవరైనా చేతులు దులుపుకుంటారు. కాని ఇంకొక్కసారి సగం చేసి 40కి తెస్తే 520 కాస్తా 40కి కూలుతుంది. మొదటి సగం దగ్గర మానేసినవాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. కంటితో చూసి, అనుభవంతో చెప్పే ఏ డాక్టరూ దీన్ని ఊహించలేడు. లెక్క వేసి తీరాలి. ఆ రోజుల్లో దీనిమీద ఆధారపడినవి ప్రాణాలు.

తోటి వైద్యుల్లో ఎక్కువమంది ఆ పేజీలు తిప్పేశారు. రాస్ మాత్రం వదల్లేదు. 1916, 1917 సంవత్సరాల్లో హిల్డా హడ్సన్ అనే గణితజ్ఞురాలిని కలుపుకుని అంటురోగాలన్నిటికీ వర్తించే సిద్ధాంతాన్ని రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. మొదటి ప్రపంచయుద్ధం మొదట్లోనే, 1914 ఆగస్టులో, పెద్దకొడుకు లె కాటో పోరులో చనిపోయాడు. 1923లో వెలువడిన ఆత్మకథలో పొగడ్తా, సాధింపూ, నిష్ఠూరమూ అన్నీ ఉన్నాయి. లోకం తనకు బాకీపడిందని అతని గట్టి నమ్మకం. 1926లో లండన్‌లో రాస్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. 1928లో డబ్బు అవసరమై తన కాగితాలను అమ్ముకున్నాడు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లోనే కన్నుమూశాడు.

విత్తనం మాత్రం మొలిచింది. 1901లో రాస్ వెంట సియెరా లియోన్ వెళ్ళిన మెక్‌కెండ్రిక్ అనే కుర్ర డాక్టరు అతని ప్రోద్బలంతోనే లెక్కలు పట్టాడు. ఆయనా ఇండియన్ మెడికల్ సర్వీసువాడే, కసౌలీలో పనిచేసినవాడే. చూపు కోల్పోయిన రసాయనజ్ఞుడు కెర్మాక్‌తో కలిసి 1927లో ఆయన రాసిన వ్యాసమే 2020లో కరోనా వచ్చినప్పుడు దేశదేశాల్లో కంప్యూటర్లలో తిరిగిన అంచనాలకు తాత. రాస్ ఇన్‌స్టిట్యూట్‌కు తర్వాత డైరెక్టరైన జార్జ్ మాక్డొనాల్డ్ 1950లలో రాస్ సమీకరణాలను దులిపి బయటికి తీశాడు. దోమ ఆయుర్దాయమే అన్నిటికంటే కీలకమని, గోడకు కొట్టిన డి.డి.టి. అందుకే అంత పనిచేస్తుందని లెక్కతో చూపాడు. ఆయన సహచరులతో చేసి, చనిపోయాక 1968లో అచ్చయిన పనిలో రాస్ పట్టికలను మొదటిసారిగా కంప్యూటర్ కట్టింది.

మనదేశంలో స్వాతంత్ర్యం నాటికి ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో మొదలైన జాతీయ కార్యక్రమంతో 1965 నాటికి అది లక్షకు దిగింది. ఇంకేముందిలే అని పట్టు సడలించాం, దోమలూ డి.డి.టి.కి అలవాటు పడ్డాయి. 1976లో మళ్ళీ 64 లక్షలు. గీత కిందికి తెచ్చినదాన్ని గీత పైకి పోనిస్తే ఏమవుతుందో రాస్ పుస్తకంలో 1911లోనే ఉంది.

బేగంపేటలో పాత విమానాశ్రయం పక్కన ఆ ఆస్పత్రి భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో, రాస్ పేరుతోనే ఉంది. 1997లో నూరేళ్ళ పండుగ చేశారు. ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినమని అక్కడ నాలుగు మాటలు చెప్పుకుంటారు. ఈసారి వెళ్ళే బై.పి.సి. మిత్రులు పై లెక్కను ఒక ప్రోగ్రాంగా రాసి పట్టుకెళ్తే బాగుంటుంది. పది పన్నెండు వరుసలకు మించదు. తలకు 38 దగ్గర, 39 దగ్గర ఏమవుతుందో రెండుసార్లు నడిపి చూడండి.